బండి తాళంతో పాటు వచ్చే రెండు బాకీలు

పిల్లవాడు ఇంటరో, డిగ్రీయో, ఐ.టి.ఐ.యో ముగించి సొంతంగా నాలుగు రూపాయలు సంపాదించడం మొదలుపెట్టగానే మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట ‘బండి’. సూర్యాపేటలో మెకానిక్ షెడ్డులో చేరినవాడైనా, మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తాగా కుదిరినవాడైనా, కోదాడలో మొబైల్ షాపు పెట్టుకున్నవాడైనా ముందు కొనాలనుకునేది మోటారు సైకిలే. ఇందులో తప్పేమీ లేదు. విశాలమైన ఇల్లు, మంచి పొరుగు, సౌకర్యవంతమైన వాహనం మనిషి సౌఖ్యానికి చెందినవని దైవప్రవక్త (స) తెలిపారు. ఉద్యోగానికి వెళ్ళే ఆడపిల్లలు స్కూటీ కొనుక్కుంటున్నా ఇదే మాట వర్తిస్తుంది.

అయితే ఆ తాళం చేతికి వచ్చిన రోజునే రెండు బాకీలకు తలుపు తెరుచుకుంటుంది. ఒకటి, బండి కోసం అప్పు ఇచ్చినవాడి బాకీ. రెండవది, అదే రోడ్డు మీద నడిచే తోటి మనుషుల ప్రాణాల బాకీ. మొదటి దాని గురించి తల్లిదండ్రులు కొంతైనా మాట్లాడతారు. రెండవది బాకీ అన్న సంగతే చాలామందికి తట్టదు. రెండూ హుఖూఖుల్ ఇబాద్‌లో, అంటే దాసుల హక్కుల్లో చేరినవే. నమాజులో చేసిన లోపానికి అల్లాహ్‌ను క్షమాపణ కోరుకోవచ్చు. దాసుని హక్కు మాత్రం ఆ దాసునికి చెల్లించాలి, లేదా అతనే మాఫీ చేయాలి.

మొదటి బాకీ

ఒక వ్యక్తి జనాజా తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) అతనికి అప్పులేమైనా ఉన్నాయా అని విచారించారు. మూడు దీనార్ల బాకీ ఉందని, అది తీర్చడానికి అతను ఏమీ వదిలి వెళ్ళలేదని తెలిసింది. అప్పుడు ఆయన (స) తాను జనాజా నమాజు చేయించకుండా, మీరే చేసుకోండని సహాబాలకు చెప్పారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకున్న తర్వాతే నమాజు చేయించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. మూడు దీనార్ల అప్పు సంగతి ఇది. అదీ వడ్డీ లేని అప్పు!

ఇప్పుడు మన సంగతి చూద్దాం. షోరూములో కుర్రవాడు అడిగేది ఒక్కటే: “నెలకు ఎంత కట్టాలి?” మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందని అడగడు. ఉదాహరణకు 80,000 రూపాయలు మూడేళ్ళకు ఫైనాన్సు తీసుకున్నాడనుకోండి. వడ్డీ ‘ఫ్లాట్’ 12 శాతం అన్నారు. ఏడాదికి 9,600 చొప్పున మూడేళ్ళకు వడ్డీ 28,800. మొత్తం 1,08,800. నెలకు సుమారు 3,022 రూపాయలు. ఇందులో మెలిక ఏమిటంటే, అతను నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 80,000 మీదే లెక్కిస్తారు. తగ్గుతున్న అసలు మీద లెక్క వేస్తే ఆ 12 శాతం దాదాపు 21 శాతం అవుతుంది. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. దాన్ని పీడన అని తిట్టుకునే మనమే దీన్ని ‘స్కీము’ అని మురిసిపోతున్నాం.

భారం సంగతి అలా ఉంచితే, అసలు అభ్యంతరం వడ్డీయే. వడ్డీని వదలని వారిపై అల్లాహ్ మరియు ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉన్నదని సూరె బఖర తెలుపుతోంది. తినేవాడే కాదు, తినిపించేవాడు, పత్రం రాసేవాడు, సాక్షులు కూడా ఆ పాపంలో భాగస్థులేనని హదీసులో ఉంది.

“మౌలానా! అయితే వాయిదాల మీద కొనడమే హరామా?” అని యువకులు జుమా తర్వాత అడుగుతుంటారు. కాదు. నగదుకు ఒక ధర, వాయిదాకు కొంత ఎక్కువ ధర పెట్టి అమ్మడం జాయిజేనని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1990లో జిద్దాలో జరిగిన సమావేశంలో తీర్మానించింది. కానీ బేరం కుదిరే సమయంలోనే ధర ఒకటిగా స్థిరపడాలి. వాయిదా ఆలస్యమైతే అదనంగా జరిమానా వేయరాదు. అంటే చూడాల్సింది కాగితం మీద ఎవరు ఎవరికి ఏమి అమ్ముతున్నారన్నదే. సరుకు సొంతదారు తన సరుకును వాయిదాలకు అమ్మితే అది వ్యాపారం. షోరూము అతనికి ఫైనాన్సు కంపెనీ డబ్బు కట్టి, మీ నుండి ఎక్కువ వసూలు చేస్తే అది అప్పు మీద వడ్డీ. ‘జీరో వడ్డీ’ అని రాసి ఉన్నా ఆలస్య రుసుము షరతు ఏముందో చదివిన తర్వాతే సంతకం చేయాలి.

చీటీల విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. లక్ష రూపాయల చీటీని ఒకడు అవసరం కొద్దీ 75,000కు పాట పాడుకుని, చివరికి అంతకంటే ఎక్కువే కట్టి తీరుస్తాడు. ఆ తేడాను మిగతా వారు పంచుకుంటారు. ఇది వడ్డీకి మారుపేరని ఉలమా చెబుతారు. పాట లేకుండా పేర్లు తీసే చీటీలో మాత్రం ఎవరు ఎంత కడితే అంతే తీసుకుంటారు. ఇరవై మంది నమ్మకస్తులు నెలకు 4,000 చొప్పున వేసుకుంటే ప్రతి నెలా ఒకరికి 80,000 అందుతుంది. ఇది పరస్పరం ఇచ్చుకునే ఖర్జె హసనా. మన మస్జిదు జమాఅతుల్లో ఇలాంటివి రెండు మూడు నడిస్తే ఎంతమంది పిల్లలు ఫైనాన్సు గడప తొక్కకుండా ఉంటారో ఆలోచించండి.

తండ్రి కొనిస్తే? సంపాదించే శక్తి వచ్చిన కొడుకు పోషణ తండ్రి మీద విధి కాదు. ప్రేమతో కొనివ్వవచ్చు. కానీ అది కానుకా, అప్పా అనేది ఆ రోజే చెప్పాలి. అప్పయితే రాసుకోవాలి. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు అప్పును రాసుకోవడం గురించే అవతరించింది. కానుకైతే మిగతా సంతానం సంగతేమిటి? హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి)కు తండ్రి ఒక కానుక ఇచ్చి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరినప్పుడు, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదనేసరికి సాక్ష్యానికి ఒప్పుకోలేదు. పెద్దవాడికి లక్ష రూపాయల బండి కొనిచ్చి, ఆడపిల్ల చదువు ఫీజు దగ్గర లెక్కలు చూసే ఇళ్ళు మనలో లేవా?

రెండవ బాకీ

రోడ్డు అందరిదీ. దాని మీద నడిచే అనుమతి ఇతరులకు హాని కలగని షరతుకు లోబడి ఉంటుందని హనఫీ ఫిఖ్ గ్రంథం ‘హిదాయా’లో ఉంది. గుర్రం మీద వెళ్ళేవాడు దాని కాళ్ళ కింద ఎవరినైనా తొక్కిస్తే పరిహారానికి బాధ్యుడు. నడుస్తుండగా అది వెనుక కాలితో తన్నితే మాత్రం బాధ్యుడు కాడు, ఎందుకంటే అది అతని అదుపులో ఉండేది కాదు. ఎనిమిది శతాబ్దాల క్రితం గుర్రానికి రాసిన ఈ మాటలో బ్రేకు, హారను, ముందు చక్రం సంగతి అంతా ఇమిడి ఉంది. అదుపులో పెట్టుకోగలిగినది అదుపు తప్పితే బాధ్యత మనదే.

ఈ ప్రాతిపదిక మీదనే ఫిఖ్ అకాడమీ 1993లో బ్రూనైలో రోడ్డు ప్రమాదాలపై తీర్మానం చేసింది. షరీఅతుకు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం వాజిబ్ అని అందులో ఉంది. తప్పించుకోలేని విపత్తు, ఎదుటి వ్యక్తి స్వయంకృతం, మూడో వ్యక్తి తప్పు వంటి కారణాలు ఉంటే తప్ప, జరిగిన నష్టానికి డ్రైవరే బాధ్యుడని కూడా ఉంది. రోడ్డు మీదకు పశువులను వదిలేసే యజమానిని కూడా ఆ తీర్మానం వదలలేదు. హెల్మెట్ పోలీసు కనిపించే చౌరస్తా దాకానే అనుకునే తమ్ముళ్ళు దీన్ని గమనించాలి.

మన జిల్లాల రోడ్లు ఎలాంటివో రాష్ట్రమంతటికీ తెలుసు. 2014 డిసెంబరు 6న సూర్యాపేట, కోదాడల మధ్య మునగాల మండలం ఆకుపాముల దగ్గర నందమూరి జానకిరామ్ కారు ఎదురు దిశలో వచ్చిన ట్రాక్టరును ఢీకొని ఆయన మరణించారు. నాలుగేళ్ళు తిరగకుండానే, 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద ఆయన తండ్రి హరికృష్ణ స్వయంగా నడుపుతున్న కారు డివైడరును ఢీకొంది. సీటు బెల్టు పెట్టుకోని ఆయన బయటకు ఎగిరిపడి మరణించారు. ఒకప్పుడు రవాణా మంత్రిగా పనిచేసిన వ్యక్తి ఆయన. హోదా గాని, పెద్ద కారు గాని ఇక్కడ అడ్డు రాలేదు.

ఎదురు దిశలో వచ్చిన ఆ ట్రాక్టరు సంగతి ఆలోచించండి. యూటర్ను అర కిలోమీటరు దూరంలో ఉందని హైవే మీద రాంగ్ రూటులో వచ్చే బండ్లు రోజూ మనకు కనిపిస్తాయి. కొన్నిసార్లు తలపై టోపీ పెట్టుకుని జుమాకు ఆలస్యమైందని వెళ్ళేవారు కూడా వాటిలో ఉంటారు! అరఫాత్ నుండి మరలుతున్నప్పుడు వెనుక ఒంటెలను కొడుతూ అరుస్తూ తోలుతున్న శబ్దం విని దైవప్రవక్త (స) కొరడాతో సైగ చేసి నెమ్మదిగా ఉండమన్నారు, పరుగులు తీయించడం పుణ్యం కాదని చెప్పారు. అదే ప్రయాణంలో ఖాళీ దారి దొరికినప్పుడు ఆయన వేగం పెంచారని హజ్రత్ ఉసామా (రజి) తెలిపారు. అంటే వేగమే పాపమని కాదు. జనం మధ్య వేగం పనికిరాదు. కోతల కాలంలో మిర్యాలగూడ చుట్టూ ధాన్యం లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఊళ్ళ దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాళ్ళు పేర్చుతారు. అక్కడ రాత్రిపూట మీ హెడ్‌లైటు ఎంత దూరం చూపిస్తుందో అంత దూరంలో ఆగగలిగే వేగమే మీ వేగం. రాళ్ళు పేర్చినవారు కూడా దారిలో బావి తవ్వినవాడి హుకుం కిందికే వస్తారని రైతు సోదరులకు మనవి.

నిద్ర విషయం ఇంకా ముఖ్యమైనది. హైదరాబాదులో పని ముగించుకుని రాత్రికి రాత్రే ఇల్లు చేరాలని బయలుదేరే పిల్లలు చాలామంది. నిద్రలో పక్కకు దొర్లి పసివాడి మీద పడి అతని ప్రాణం తీసినవాడి ఉదాహరణ ఫిఖ్ గ్రంథాల్లో ఉంది. అతనికి ఉద్దేశం లేదు, స్పృహ కూడా లేదు. అయినా దియత్, కఫ్ఫారా రెండూ వర్తిస్తాయి. స్టీరింగు ముందు కునుకు తీసినవాడి స్థితి ఇంతకంటే తేలికేమీ కాదు.

పొరపాటున ఒకరి ప్రాణం తీస్తే రక్తపరిహారం, దానితో పాటు కఫ్ఫారా అని సూరె నిసా నిర్దేశిస్తోంది. బానిస విముక్తికి వీలు లేనప్పుడు వరుసగా రెండు నెలల ఉపవాసాలు. ఒడంబడిక గల ఇతర సమాజాల వ్యక్తి మరణించినా ఇదే ఆదేశమని అదే ఆయతులో ఉంది. కాబట్టి చనిపోయినవాడు మనవాడు కాడనే మాటకు తావు లేదు. కేసు రాజీ అయిపోయింది, ఇన్సూరెన్సు వాళ్ళు కట్టేశారు అనుకుని ఉపవాసాల సంగతి మరచినవారు ముఫ్తీ సాహెబును కలిసి తమ విషయం చెప్పుకోవాలి.

మరి ఇన్సూరెన్సు? థర్డ్ పార్టీ బీమా మన దేశంలో చట్టపరంగా తప్పనిసరి కనుక దానికి ఉలమా అనుమతి ఇచ్చారు. అది లేకుండా ప్రమాదం జరిగితే ట్రిబ్యునలు విధించే మొత్తం యజమాని ఇల్లూ పొలమూ అమ్మి కట్టాల్సి రావచ్చు. బీమా ఉండి లైసెన్సు లేకపోయినా, చాలా కేసుల్లో కంపెనీ బాధితునికి చెల్లించి తర్వాత యజమాని నుండి రాబట్టుకుంటుంది. పదహారేళ్ళ కొడుక్కి తాళం ఇచ్చి మురిసిపోయే తండ్రి మరొకటి తెలుసుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరానికి సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అప్పు వద్దనుకుని పాత బండి కొనేవారు మంచి పని చేస్తున్నారు. కానీ ఆర్.సి. పేరు మార్పించకుండా వదిలేయకండి. అమ్మినవాడి పేరు రిజిస్టరులో ఉన్నంతకాలం చట్టం దృష్టిలో యజమాని అతనేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే మీరు చేసిన ప్రమాదానికి ఏ పాపమూ తెలియని అతను కోర్టు మెట్లు ఎక్కుతాడు. మీరు అమ్ముతున్నా ఇదే జాగ్రత్త: ఫారం 29, 30 మీద సంతకాలు చేసిచ్చి ఊరుకోకుండా, రవాణా శాఖ రికార్డులో పేరు మారిందో లేదో మీరే చూసుకోండి.