గనుల చేరువ బావినీరు – త్రాగుటకు ముందు పరీక్ష

రంగు, వాసన, రుచి చూడుము. కలకగా ఉన్నచో చిల్లగింజ అరగదీసి కలుపుము. తేరిన నీటిని కాచి చల్లార్చి త్రాగుము. గురుకులంలో మా గురువుగారు నాకు నేర్పిన జలపరీక్ష ఇది. నీటిని తేర్చుటకు చిల్లగింజను సుశ్రుత సంహిత కూడా చెప్పినది. చిరకాలం నేనూ రోగులకు ఇదే చెప్పుచూ వచ్చితిని.

ఒకసారి బొగ్గుగని చేరువనున్న పల్లె నుండి ఒక గృహస్థు కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. కాపురానికి వచ్చింది మొదలు ఆమెకు విరేచనాలు తగ్గుటలేదు. ఇంటిలో మిగిలినవారికి బాధ లేదు. బావినీరు అద్దంవలె తేటగా ఉన్నదన్నారు. గ్రహణికి ఔషధమిచ్చి, నీరు బాగుగా కాచి త్రాగమన్నాను. గుణం కనబడలేదు. అప్పుడు నీటిని ప్రయోగశాలకు పంపించితిని. సల్ఫేటు పరిమితిని మించి ఉన్నట్లు తేలినది. ఆ నీటికి అలవాటుపడినవారికి బాధ అంతగా తెలియదు, క్రొత్తవారికి విరేచనమగును. నీరు మార్చగానే ఆమె కోలుకొన్నది. దోషం నా సలహాలోనే ఉన్నది.

కాచుటవలన క్రిములు నశించును గాని, కరిగియున్న లవణాలు, లోహాలు పోవు. నీరు ఆవిరైన కొలదీ అవి మరింత చిక్కబడును. చిల్లగింజ కలకను తేర్చును. కరిగిన సీసమునకు అది మందు కాదు. సీసం, ఆర్సెనిక్ వంటివి కంటికి, నాలుకకు అందవు.

కావున గనుల చేరువనున్న గృహస్థులు ఇట్లు చేయవలెను. బోరును పది నిమిషాలు నడిపించి, శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపవలెను. క్రిముల పరీక్షకు, లోహాల పరీక్షకు వేరువేరు సీసాలు ప్రయోగశాలవారినే అడిగి తీసికొనుట మేలు. సాధారణ పరీక్షలో లోహాలు చేరకపోవచ్చును. గనిలో త్రవ్వు ఖనిజం పేరు చెప్పి, దానిని ప్రత్యేకంగా పరీక్షించమని కోరవలెను. వేసవి చివర ఒకసారి, వానలు వెలిసిన పిమ్మట ఒకసారి పరీక్ష అవసరం.

భారత ప్రమాణం 10500 ప్రకారం లీటరు నీటిలో అనుమతించిన గరిష్ఠ పరిమితులు (మిల్లీగ్రాములలో):
సల్ఫేటు – 400
నైట్రేటు – 45
ఫ్లోరైడు – 1.5
యురేనియం – 0.03
సీసం – 0.01
ఆర్సెనిక్ – 0.01

వీటిలో ఏ ఒక్కటి మించినను ఆ నీటిని త్రాగుటకు, వంటకు, ముఖ్యంగా పసిబిడ్డల పాలు కలుపుటకు, గర్భిణులకు వాడరాదు. కషాయం కాచుటకు సైతం వేరు నీరు తెచ్చుకొనవలెను. దోషజలంతో కాచిన ఔషధం ఎవరి వ్యాధిని తీర్చును?