పెట్రోలు ఆవిరి - బొగ్గు డబ్బా

ద్రవం ఆవిరి కావడానికి మరగనవసరం లేదు. నీడలో ఆరవేసిన తడిబట్టయే ఇందుకు నిదర్శనం. పెట్రోలు ఈ విషయంలో నీటికంటె చురుకైనది. మే నెలలో మా ఏర్గట్ల ఎండకు ఆరుబయట నిలిపిన కారును తలచుకోండి. చక్రం కదలదు, ఇంజను తిరగదు; ట్యాంకులోని ఇంధనం మాత్రం ఆవిరి అవుతూనే ఉంటుంది.

పూర్వపు కార్లలో ఈ ఆవిరి ట్యాంకునుండి, కార్బురేటరునుండి నేరుగా గాలిలో కలిసేది. ఇది యజమాని జేబుకు మాత్రమే నష్టమని భావించరాదు. ఈ హైడ్రోకార్బనులు నైట్రోజన్ ఆక్సైడులతో కూడి సూర్యకాంతిలో ఓజోనును పుట్టిస్తాయి. లాస్ ఏంజిలిస్ నగరాన్ని కమ్మిన పొగమంచు రహస్యాన్ని హాగెన్-స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతంలో ఈ విధంగానే ఛేదించాడు. తత్ఫలితంగా 1970 నమూనా కార్లకు కాలిఫోర్నియాలోను, మరుసటి సంవత్సరపు కార్లకు అమెరికా అంతటను ఆవిరి నిరోధక సాధనం తప్పనిసరి అయింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమాలు మోటారు సైకిళ్ల ఆవిరికి సైతం హద్దు విధించాయి.

ఈ సాధనానికి ప్రాణం ఒక చిన్న డబ్బా. అందులో ఉండేది ఉత్తేజిత బొగ్గు. దాని ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రాల గోడలన్నీ విప్పి పరచగలిగితే సుమారు వేయి చదరపు మీటర్లు, అనగా మన లెక్కలో దాదాపు పది గుంటల నేల! ట్యాంకునుండి గొట్టం ద్వారా వచ్చిన ఆవిరి అణువులు ఆ గోడలకు అంటుకొని నిలుస్తాయి. దీనినే అధిశోషణం అంటారు. స్పంజి నీటిని పీల్చడంవంటి శోషణంతో దీనిని విద్యార్థులు తరచుగా పొరబడుతుంటారు.

అయితే బొగ్గు ఎంతకాలం మోయగలదు? ఇంజను నడిచేటప్పుడు గాలి లోనికి పోయే మార్గంలో పీడనం తగ్గుతుంది. తగిన సమయంలో కారులోని కంప్యూటరు పర్జ్ వాల్వు అనే కవాటాన్ని తెరుస్తుంది. బయటి గాలి డబ్బాలో ప్రవేశించి, అంటుకొన్న అణువులను ఊడదీసి ఇంజనుకు చేరుస్తుంది. అవి అక్కడ దగ్ధమవుతాయి. బొగ్గు మరునాటి ఎండకు మళ్లీ సిద్ధం.

చెరకు సీమవారికి ఇందులో మరొక ముచ్చట ఉంది. బోధనులో 1937లో నెలకొని 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారాన్ని ఎరుగని వారుండరు. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌నుండి ఇథనాల్ తయారవుతుంది. శుద్ధ ఇథనాల్ పెట్రోలుకంటె మందంగా ఆవిరి అవుతుంది. కాని పెట్రోలులో పదవ వంతు కలిపితే మిశ్రమపు ఆవిరి పీడనం పెరుగుతుంది! ఇథనాల్ అణువులు తమలో తాము బిగించుకొన్న బంధాలు పెట్రోలు నడుమ సడలడమే ఇందుకు కారణం. ఆ మేరకు డబ్బాపై భారం హెచ్చుతుంది.

మా మామగారికి పెట్రోలు పంపువద్ద నాజిల్ 'టక్'మని ఆగిన తరువాత కూడా అంచువరకు పోయించే అలవాటు. ఆవిరికై ఉద్దేశించిన గొట్టంలోకి ద్రవమే వెళ్లి బొగ్గును తడిపివేసింది, కారు మొరాయించసాగింది. ఒక మెకానిక్ ఆ డబ్బాను పనికిరాని వస్తువని పీకివేసి, గొట్టాన్ని అలాగే వదిలాడు. నాటినుండి షెడ్డులో ఒకటే వాసన. షెడ్డుకు ఆనుకొనియే వంటిల్లు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా ప్రాకి పొయ్యిని చేరగలదు. ఆ ఆవిరిలో క్యాన్సరు కారకమైన బెంజీను కూడా ఉంటుంది. విషయం తెలిసిన సాయంత్రమే కారును వాకిట్లోకి తోయించాను. మామగారు మాత్రం "ఇంతకాలం ఏమీ కాలేదు గదా!" అన్నారు. క్రొత్త డబ్బా అమర్చిన పిదప వాసన చాలావరకు పోయింది. మిగిలినది ట్యాంకు మూతలోని పగిలిన రబ్బరు వలన వస్తున్నదని తేలగా, దానినీ మార్పించాము.