బోర్డిగెరా తీరంలో మోనే

ఫ్రెంచి ప్రకృతి దృశ్య చిత్రకారులలో అగ్రగణ్యుడైన క్లాడ్ మోనే 1840లో పారిస్‌లో జన్మించాడు. అతని బాల్యం చాలావరకు ఉత్తర తీరంలోని ల హావ్ర్ అనే రేవుపట్టణంలో గడిచింది. యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడు అక్కడే అతణ్ణి ఆరుబయటికి తీసుకువెళ్ళి, దృశ్యాన్ని ఎదుట నిలుపుకొని చిత్రించడం నేర్పాడు. మబ్బు కమ్మిన ఆకాశం, బూడిదవన్నె నీరు అతని కంటికి అలవాటైన ప్రపంచం.

1883 డిసెంబరులో మోనే మిత్రుడైన రెన్వార్‌తో కలిసి మధ్యధరా తీరం వెంట జెనోవా వరకు పర్యటించాడు. ఆ దక్షిణ దేశపు వెలుగు అతని మనస్సును ఆకర్షించింది. 1884 జనవరిలో అతడు ఒంటరిగా బయలుదేరి, ఫ్రాన్సు సరిహద్దుకు సమీపాన ఉన్న ఇటలీ పట్టణం బోర్డిగెరా చేరుకొన్నాడు. తన ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పవద్దని చిత్రవర్తకుడైన డ్యురాన్ రుయెల్‌ను ముందే కోరాడు. మిత్రునితో విహారం హాయిగానే ఉంటుంది కాని, పని మాత్రం ఏకాంతంలోనే సాగుతుందని అతని అభిప్రాయం. ఇందులో మిత్రద్రోహాన్ని వెదకనక్కరలేదు. పక్కవాని కుంచెను చూస్తూ ఉంటే ఎంతటివానికైనా తన చూపు తనది కాకుండా పోతుంది.

మూడు వారాలు ఉందామని వెళ్ళినవాడు దాదాపు మూడు నెలలు ఉండిపోయాడు. మొరేనో అనే సంపన్నుని తోటలో ఖర్జూర, నారింజ, నిమ్మ, ఆలివ్ చెట్లు దట్టంగా పెరిగి ఉండేవి. తాటిచెట్లు, ఈతచెట్లు చూస్తూ పెరిగినవారికి ఖర్జూరవృక్షం వింత కాదు. మోనేను మాత్రం నలుదిక్కులా చిమ్మే ఆ మట్టలు ముప్పుతిప్పలు పెట్టాయి. సముద్రపు నీలిమను, దానిపై పరచుకొన్న గులాబి కాంతిని పట్టుకోవాలంటే రంగులు చాలవని, వజ్రాలూ రత్నాలూ కావాలని అతడు లేఖలలో వాపోయాడు. ఉన్నదున్నట్లు చిత్రిస్తే ఆ రంగులను చూసినవారు నమ్మరేమోనన్న శంక కూడ అతణ్ణి బాధించింది.

ఆరుబయట వెలుగు నిలకడగా ఉండదు. ఉదయపు నీడ మధ్యాహ్నానికి మరొక చోట ఉంటుంది. అందుచేత అతడు ఒకే రోజున నాలుగైదు కాన్వాసులు దగ్గర ఉంచుకొని, వెలుగు మారగానే ఒకదానిని విడిచి మరొకదానిని చేపట్టేవాడు. 1841 నాటికే తగరపు గొట్టాలలో రంగులు నింపే పద్ధతి వచ్చింది కనుక, వాటిని బయటికి మోసుకుపోవడం సాధ్యమయింది.

అయితే మోనే చిత్రాలన్నీ ఆరుబయటే పూర్తి అయ్యాయని తలచడం పొరపాటు. బోర్డిగెరా చిత్రాలలో అనేకం జివెర్నీలోని ఇంట్లో తుదిమెరుగులు దిద్దుకొన్నాయి. చిత్రకారిణి బెర్త్ మొరిసో ఇంటికోసం ‘బోర్డిగెరాలోని విల్లాలు’ అనే పెద్ద చిత్రాన్ని అతడు ఇటలీలో గీసిన చిన్న చిత్రం ఆధారంగా జివెర్నీలోనే రచించాడు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.