పాల వ్యాను ఎఫ్.సి. గడువు – సంఘం వ్రాసి ఉంచుకోవలసిన తేదీ

పాలు పితికిన తరువాత ఎంత త్వరగా చల్లబడితే అంత మంచిదని మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేవరకు పాలలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతూనే ఉంటాయి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాలలో వేసవి పూట రూటు వ్యాను దారిలో ఆగిపోతే క్యాన్లలోని పాలు పులిసిపోతాయి. వ్యాను ఆగటానికి పంక్చరు, ఇంజను మరమ్మతు మాత్రమే కారణాలు కావు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, అనగా మనం ఎఫ్.సి. అని పిలిచే కాగితం, గడువు దాటినా బండిని ఆపివేయవచ్చు. ఆ నష్టం ఆ పూట పాలు పోసిన ఇళ్లన్నింటికీ తగులుతుంది. కావున ఎఫ్.సి. గడువును గురించి బండి యజమానితోపాటు సంఘం కూడా తెలుసుకొని ఉండాలి.

ఏ బండికి ఎఫ్.సి. కావాలి?

బాడుగకు సరుకు మోసే ప్రతి మోటారు బండికి ఎఫ్.సి. ఉండాలి. పాలు తోలే వ్యాను, ట్రాలీ ఆటో, లారీ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. వీటికి పసుపు నంబరు ప్లేటు ఉంటుంది. తెల్ల ప్లేటు గల సొంత కారుకు, మోటారు సైకిలుకు ఏటేటా ఈ పరీక్ష లేదు. వాటి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి.

ఇక్కడ కొందరు పొరబడుతుంటారు. మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండికి పర్మిటు అక్కరలేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను చెబుతుంది. పర్మిటు అక్కరలేదు గనుక ఎఫ్.సి. కూడా అక్కరలేదని అనుకోరాదు. చిన్న వ్యానుకైనా ఎఫ్.సి. తప్పదు.

గడువు ఎంత?

2018 నవంబరులో కేంద్ర నిబంధనలు సవరించారు. దాని ప్రకారం కొత్త బండికి రెండేళ్లు, ఆ తరువాత ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఎనిమిదేళ్లు దాటినప్పటి నుండి ఏడాదికొకసారి ఎఫ్.సి. తీసుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యాను 2017 జూన్‌లో రిజిస్టరయిందనుకొందాం. దానికి 2019, 2021, 2023, 2025 సంవత్సరాల జూన్ నెలలో పరీక్ష వస్తుంది. యజమానికి రెండేళ్ల లెక్క అలవాటైపోతుంది. కాని 2025 జూన్‌తో బండికి ఎనిమిదేళ్లు నిండాయి. అక్కడి నుండి 2026, 2027 అని ఏటేటా పరీక్ష చేయించాలి. పాత అలవాటు ప్రకారం 2027 వరకు ఆగినవాడు పూర్తి ఏడాది ఎఫ్.సి. లేకుండా బండి నడిపినట్లే. ఎక్కువ మంది తప్పేది ఈ మలుపు దగ్గరే. మన రూట్లలో తిరిగే పాత బండ్ల విషయంలో దీనిని ముఖ్యంగా గమనించాలి.

గడువు దాటితే ఏమవుతుంది?

చట్టం 56వ సెక్షను ప్రకారం ఎఫ్.సి. లేని రవాణా బండికి రిజిస్ట్రేషను ఉన్నా లేనట్లే లెక్క. 2016 డిసెంబరులో సవరించిన నిబంధనల ప్రకారం ఆలస్యమైన ప్రతి రోజుకు 50 రూపాయల అదనపు రుసుము పడుతుంది. నాలుగు నెలలు అశ్రద్ధ చేస్తే 120 రోజులకు 6,000 రూపాయలు. రోడ్డుపై పట్టుబడితే జరిమానా వేరు. రుసుములు మారుతుంటాయి గనుక కట్టేనాటి మొత్తం చూసుకోవాలి.

అంతకంటె పెద్ద చిక్కు బీమాది. ఎఫ్.సి. లేకుండా బండి నడపటం బీమా షరతును మౌలికంగా ఉల్లంఘించటమేనని కేరళ హైకోర్టు పూర్తి ధర్మాసనం 2018లో తీర్పు చెప్పింది. అటువంటప్పుడు కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుండి తిరిగి రాబట్టుకోవచ్చు. అన్ని కేసులలో తీర్పు ఒకే విధంగా ఉండకపోవచ్చు. కాని ఒక్క ప్రమాదంతో గొడ్డూ గోదా అమ్ముకొనే పరిస్థితి తెచ్చుకోవటం ఎందుకు?

పరీక్షలో ఏమి చూస్తారు?

బ్రేకులు, స్టీరింగు, హెడ్ లైట్లు, వెనుక దీపాలు, రిఫ్లెక్టర్లు, హారను, వైపరు, అద్దాలు, స్పీడోమీటరు, సైలెన్సరు, పొగ – ఇవన్నీ చూస్తారు. మన వాడుకలో ఈ పని చేసే అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటాము. ఇప్పుడు యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు కూడా వస్తున్నాయి. తెల్లవారుజామున చీకట్లో వెలిగొండల పాదాన ఉన్న ఊళ్లు తిరిగే వ్యానుకు, ఆత్మకూరు దగ్గర 67వ నంబరు జాతీయ రహదారి ఎక్కే వ్యానుకు ఈ దీపాలు, బ్రేకులు కాగితం కోసమే కాదు, ప్రాణం కోసం కావాలి.

సంఘం చేయవలసిన పని

పాల రిజిస్టరు పక్కనే బండ్లకు ఒక పేజీ పెట్టండి. బండి నంబరు, రిజిస్ట్రేషను తేదీ, ఎనిమిదేళ్లు నిండే తేదీ, ఎఫ్.సి. గడువు, బీమా గడువు, కాలుష్య తనిఖీ గడువు వరుసగా వ్రాయండి. యజమాని నోటిమాట విని వ్రాయరాదు, కాగితం చూసి వ్రాయాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు.

గడువుకు నెల ముందు తేదీని గోడ క్యాలెండరుపై ఎర్ర సిరాతో గుర్తించండి. ఆ నెలలో మరమ్మతులు ముగించి, పరీక్షకు తేదీ తీసుకోవాలి. పరీక్ష రోజున ఉదయం పాలు దించిన తరువాతే బండిని పంపాలి. తిరిగి రావటం ఆలస్యమైతే సాయంత్రపు పాలకు మరొక బండిని ముందే మాట్లాడి ఉంచాలి.

వచ్చే సంఘ సమావేశంలో సభ్యులు కార్యదర్శిని మూడు ప్రశ్నలు అడగండి. మన రూటు వ్యానుకు ఎన్నేళ్లు? దాని ఎఫ్.సి. ఏ తేదీ వరకు ఉంది? ఆ రోజు మన పాలు ఏ బండిలో పోతాయి? మూడింటికి రిజిస్టరు చూసి జవాబు చెప్పగలిగితే ఈ పాఠం చేరవలసిన చోటికి చేరినట్లే.