'బయలుదేరు' – పర్యాయపదములు, అర్థచ్ఛాయలు

గుంతకల్లు, గూడూరు, అరక్కోణము, కాట్పాడి మార్గములు కలియు రేణిగుంట కూడలిలో దినమంతయు వినవచ్చు క్రియ 'బయలుదేరు'. ఆంగ్లమునందలి 'సెట్ అవుట్' అను క్రియాపదబంధమునకు విద్యార్థులు సాధారణముగా ఈ ఒక్క మాటనే వ్రాయుదురు. కాని పర్యాయపదములన్నియు సమానార్థకములు కావు.

'బయలుదేరు'నందు 'బయలు' కలదు; వెలికి వచ్చుట దాని మూలభావము. కావుననే వదంతియు, వ్యాధియు బయలుదేరును. 'కదలు' చలనమాత్రబోధకము; గమ్యము లేకయే కొమ్మ కదలును. 'తరలు'లో పరివారము, సన్నాహము స్ఫురించును. పెండ్లివారు తరలివత్తురు, ఒంటరి బాటసారికి సామాన్యముగా ఆ మాట పొసగదు. 'వెడలు' విడిచిన చోటును సూచించును; 'వెడలగొట్టు' అనిన బహిష్కారమే. సంస్కృతమున 'ప్రస్థానము' పయనమాత్రమే. భారతమున పదునేడవదియగు మహాప్రస్థానిక పర్వమున పాండవుల తుదియాత్రకు చెల్లిన 'మహాప్రస్థానము', 1950లో వెలువడిన శ్రీశ్రీ కావ్యముతో నవయాత్రారంభమునకు పేరయ్యెను.

అనువాదకుడు ఈ భేదములను పాటింపవలెను. కరవునకు ఊరు వెడలిన కుటుంబమును, కొండకు బయలుదేరిన యాత్రికుని ఒకే రైలు మోయవచ్చును. ఒకే క్రియ మోయజాలదు.