బ్యాండు లేకుండా పాడే రాత్రి

ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మడూ,

నీ టికెట్ సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాటలు వినడానికి అంత డబ్బు పెట్టాలా అని దాని బాధ. నీ బాధ వేరు. కాలేజీ రోజుల నుంచి ప్రాణం పెట్టి వింటున్న గాయకుడు తీరా నువ్వున్న ఊరికి వస్తుంటే బ్యాండు లేకుండా ఒక్కడే వస్తున్నాడని, డ్రమ్ములు లేకపోతే ఆ పాటల్లో ఏం మిగులుతుందని నాకు మెసేజ్ పెట్టావు. టికెట్ ఎవరికైనా అమ్మేయనా అని కూడా అడిగావు. అమ్మొద్దు. వెళ్ళు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2018లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్రాడ్‌వేలో ఒంటరిగా పాడుతుంటే చూశాను. ఆయన పెరిగిన ఫ్రీహోల్డ్ మా ఇంటికి కారులో ముప్పావుగంట కూడా ఉండదు. ఈ రాష్ట్రంలో ఆయన పాట వినకుండా బతకడం కష్టం. మామూలుగా ఆయన కచేరీ అంటే స్టేడియం, తన 'ఈ స్ట్రీట్' బ్యాండు, మూడు గంటల హోరు. జనం అట్టముక్కల మీద పాటల పేర్లు రాసి ఎత్తి చూపిస్తే వాటిలోంచి ఏరి పాడతాడు. ఈ బ్రాడ్‌వే షో జరిగిన న్యూయార్క్ వాల్టర్ కెర్ థియేటర్‌లో మాత్రం వెయ్యి సీట్లు కూడా లేవు. స్టేజీ మీద పియానో, మైకు, నల్ల టీషర్టు వేసుకున్న ఆ మనిషి. అంతే. 2017 అక్టోబరు నుంచి 2018 డిసెంబరు దాకా 236 షోలు అలాగే చేశాడు. రెండు పాటలకు మాత్రం భార్య ప్యాటీ స్కియాల్ఫా వచ్చి గొంతు కలిపింది. ఇక్కడ అడిగిన పాట పాడటాలు లేవు. ఏ పాట తర్వాత ఏది, వాటి మధ్య ఏ మాట అన్నది ముందే కూర్చుకున్నాడు. రాత్రి రాత్రికీ పెద్దగా మార్పు ఉండేది కాదు.

అప్పుడు నాకు మన హరికథ గుర్తొచ్చింది. పక్కన వయొలిన్, మృదంగం ఉన్నా సభను మోసేది దాసుగారొక్కరే. కథ చెప్పాలి, పాడాలి, నవ్వించాలి, మళ్ళీ కథలోకి లాక్కురావాలి. ఎక్కడ పట్టు సడలినా సభ చేజారిపోతుంది. బ్రాడ్‌వేలోనూ అంతే, రెండు గంటలకు పైగా సాగిన ఆ షోలో పాటలు పదిహేను దాకా ఉన్నాయేమో, మిగతాదంతా మాటే.

'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' నీకూ తెలుసు. 1984 ఆల్బమ్‌లో సింథసైజరు, దాని మీద డ్రమ్ముల దరువు. పల్లవి రాగానే జనం పిడికిళ్ళెత్తి అరుస్తారు. నిజానికది వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరక్క అల్లాడిన సైనికుడి గోడు. చరణాలు వదిలేసి పల్లవిని జెండా పాటగా పట్టుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ ఏడాదే ఎన్నికల ప్రచారానికి న్యూజెర్సీ వచ్చిన ప్రెసిడెంట్ రీగన్, స్ప్రింగ్‌స్టీన్ పేరెత్తి ఆయన పాటల్లోని ఆశను మెచ్చుకున్నాడు. బ్రాడ్‌వేలో స్ప్రింగ్‌స్టీన్ ఆ పాట ఎత్తుకోకముందే యుద్ధం సంగతి చెప్పాడు. తన తొలి బ్యాండులో డ్రమ్ములు వాయించిన కుర్రాడు వియత్నాంలో చనిపోయాడు. తనకు సైన్యం నుంచి పిలుపొస్తే తప్పించుకున్నాడు. తన బదులు ఎవరు వెళ్ళి ఉంటారన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదన్నాడు. తర్వాత వేలికి స్లైడు తొడుక్కుని గిటారు తీగల మీద గరగరమని లాగాడు. చరణాలు దాదాపు వట్టి గొంతుతోనే పాడాడు. ఒక్క పిడికిలి లేవలేదు. పల్లవి మీద ఎగరడానికి దరువు లేదు కనుక హాలు హాలంతా చరణాలు వింది.

నిన్ను వెళ్ళమనేది ఇందుకే. బ్యాండు ఉన్నప్పుడు నీకు తెలిసిన పాటను నువ్వే పాడుకుంటూ ఉంటావు. అది గొప్ప సంతోషమే, కాదనను. ఒక్కడే పాడేటప్పుడు మాత్రం ఆ పాట ఏం చెబుతోందో వినక తప్పదు.

'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' మొదట పుట్టింది కూడా అలాంటి ఒంటరితనంలోనే. 1982 జనవరిలో ఆయన కోల్ట్స్ నెక్‌లోని అద్దె ఇంట్లో, పడకగదిలో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మీద కొత్త పాటలు పాడుకున్నాడు. బ్యాండుకు వినిపించడానికి నమూనాగా మాత్రమే. తర్వాత స్టూడియోలో అందరూ కలిసి వాయిస్తే కొన్ని పాటలు పెరిగాయి, 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' అలా పెరిగిందే. ఇంకొన్నింటికి ఎంత వాయించినా ఆ గదిలోని బిగువు రాలేదు. చివరికి డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్‌లోని పాటలనే అదే ఏడాది 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా విడుదల చేశారు. వెళ్ళేలోగా ఒకసారి అది విను. రాత్రిపూట, దీపం తగ్గించి, మధ్యలో ఆపకుండా.

ప్రతి పాటా ఒంటరి గొంతులో నిలబడుతుందని నేననను. 'డ్యాన్సింగ్ ఇన్ ద డార్క్' నాకు బ్యాండుతోనే ఇష్టం. నీ గాయకుడి పాటల్లోనూ ఒకటో రెండో ఆ రాత్రి పలచబడతాయి. దాన్ని పట్టుకుని మిగతా షో పాడుచేసుకోకు.

ఇక ఎలా వినాలో నాకు తెలిసింది చెబుతాను. దరువు లేనప్పుడు కాలం ఆ మనిషి చేతిలో ఉంటుంది, ఒక మాట దగ్గర ఆగాలనుకుంటే ఆగుతాడు, తొందరపడాలనుకుంటే పడతాడు. ఎక్కడ ఆగుతున్నాడో చూడు. గిటారు మీద కుడిచేతి బొటనవేలు కింది స్వరాల్లో బాస్ పని చేస్తూ ఉంటుంది, మిగతా వేళ్ళు పై తీగల మీద నడుస్తాయి. మెడకు తగిలించుకున్న స్టాండులో మౌత్ ఆర్గన్ ఉంటే ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. గొంతు రికార్డులో ఉన్నంత లేతగా ఉండదు, పై స్థాయి అందని చోట పాటను కిందికి దించి పాడతాడు. అది లోటని అనుకోకు. ఆ పాటతో పాటు ఆయనా ఇన్నేళ్ళు బతికాడు మరి.

వాయిద్యం లేని చోటు కూడా విను. 'టెన్త్ ఎవెన్యూ ఫ్రీజ్-అవుట్' స్ప్రింగ్‌స్టీన్ బ్యాండు ఎలా కూడిందో చెప్పే పాట. బ్రాడ్‌వేలో అది పియానో మీద పాడుతూ మధ్యలో ఆగి, శాక్సోఫోన్ వాయించిన క్లారెన్స్ క్లెమన్స్ గురించి మాట్లాడాడు. క్లారెన్స్ 2011లో పోయాడు. వేళ్ళు మెల్లగా పియానో మీద కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం తడబడింది. పక్కన ఇంకొకర్ని నిలబెట్టి శాక్సోఫోన్ ఊదిస్తే ఆ లోటు అంతగా తెలిసేది కాదు.

ఫోను బయటికి తీయకు. మాకు అక్కడ షో నడుస్తుండగా ఫొటోలు, వీడియోలు కూడదని ముందే చెప్పారు. నీకు చెప్పకపోయినా తీయకు. వెయ్యిమంది కూర్చున్న చీకటి హాల్లో ఒక్క తెర వెలిగినా వెనకవాళ్ళందరి చూపూ చెదురుతుంది. గొంతెత్తి కలిసి పాడకు, ఆయన పాడమంటే తప్ప. 1995లో 'ద ఘోస్ట్ ఆఫ్ టామ్ జోడ్' పాటలతో ఒంటరిగా తిరిగినప్పుడు స్ప్రింగ్‌స్టీన్ నిశ్శబ్దంగా వినమని జనాన్ని స్వయంగా అడిగేవాడు. పాట పేరు పెట్టి కేకలు వేయకు. నీ గాయకుడు ఏ పాటలు పాడతాడో ముందే వెతికి తెలుసుకోకు. తోడు దొరకలేదని దిగులుపడకు, ఇలాంటి షోకి ఒక్కదానివే వెళ్ళడం మంచిదే. నీ సీటు బాల్కనీలో అన్నావు. మరీ మంచిది, పైనుంచి పియానో మీద చేతులు కనిపిస్తాయి.

డబ్బు సంగతి. బ్రాడ్‌వే టికెట్లు 75 డాలర్ల నుంచి 850 దాకా పెట్టారు, లాటరీలో 75కి కొన్ని ఇచ్చేవారు. బయట మారుబేరంలో వేలకు వేలు పలికాయి. అసలు ధరకు దొరికింది కనుక నువ్వు చేసింది దుబారా కాదు. మారుబేరగాళ్ళకు మాత్రం ఎన్నడూ పైసా ఇవ్వకు, ఎంత అభిమానమైనా సరే.

మీ అమ్మకు ఒక సంగతి చెప్పు. స్ప్రింగ్‌స్టీన్ వాళ్ళ నాన్న తివాచీల మిల్లులో పనిచేశాడు, బస్సు నడిపాడు, ఏ పనిలోనూ కుదురుకోలేదు. వకీలు ఆఫీసులో సెక్రటరీగా చేసి ఇల్లు నిలబెట్టింది అమ్మ అడెల్. కొడుకు చేతిలో గిటారు ఉండాలని అప్పు చేసి 60 డాలర్లకు కొనిపెట్టింది కూడా ఆమే. ఆమె మీద రాసిన 'ద విష్' పాటను బ్రాడ్‌వేలో పియానో దగ్గర కూర్చుని పాడాడు. అప్పటికే ఆమెకు అల్జీమర్స్. 2024లో, 98 ఏళ్ళ వయసులో పోయింది. ఆ 60 డాలర్లు దండగని ఆ తల్లి అనుకుని ఉంటే నేను నీకీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇంటి ఖర్చుల్లో కోత పెట్టి నిన్ను ఇంత దూరం పంపింది మీ అమ్మ కూడా. షో అయ్యాక ముందు దానికి ఫోన్ చేసి, ఏం విన్నావో వివరంగా చెప్పు. ఆ తర్వాత నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య