పోర్టుకి ఫైలు పట్టే ముందు

విజయవాడ

అల్లుడూ,

తాతయ్య ఆర్‌ఎక్స్ 100 బైక్‌ని ట్రాక్ రేసుకి తయారుచేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. అయితే వచ్చే వారమే సిలిండర్‌ని పోర్టింగ్‌కి ఇచ్చేస్తున్నావని కూడా చెప్పింది. అది మాత్రం ఇప్పుడే వద్దురా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. పని చేసేటప్పుడు దగ్గర పెట్టుకో.

మన బండి బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50, మొత్తం 98 సీసీ. కంపెనీ ఇచ్చింది 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. ఆ వేగంలో ఆ చిన్న సిలిండర్‌లో సెకనుకి 125 సార్లు మంట లేస్తుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన మోడల్ ఇది. కంపెనీ సిలిండర్ కోసం ఇవాళ ఎంత తిరగాలో నీకే తెలుసు. కార్బొరేటర్ జెట్ నచ్చకపోతే పాతది బిగించుకుంటావు, స్ప్రాకెట్ నచ్చకపోతే విప్పి పక్కన పెడతావు. పోర్టులో ఫైలుతో తీసేసిన లోహాన్ని మాత్రం ఎవరూ తిరిగి అతికించలేరు. కాబట్టి వెనక్కి తీసుకోగలిగిన మార్పులన్నీ ముందు చెయ్యి, తీసుకోలేనివి ఆఖరున. ఇంజన్ గురించి నేను చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు గాలి పరీక్ష. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్‌కేసులోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి గురై పైకి వెళ్తాయి కదా. క్రాంక్‌కి రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు ఇన్నేళ్లకి గట్టిపడి, పెదవి పగిలి ఉంటాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటిగాలి లోపలికి దూరి, మిశ్రమంలో పెట్రోలు పాళ్లు తగ్గి లీన్ అవుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్‌ని లోపలికి లాక్కుని తెల్లపొగ కక్కుతుంది. ఈ లోపం ఉండగా నువ్వు ఎన్ని జెట్లు మార్చినా లెక్క కుదరదు. సైలెన్సర్, కార్బొరేటర్ విప్పి, అవి బిగిసే రెండు మూతుల్నీ రబ్బరు బిరడాలతో బిగించి మూసెయ్యి. ఆయిల్ పంపు గొట్టం వచ్చే రంధ్రం కూడా మర్చిపోకు. పిస్టన్‌ని కిందికి దించి, ప్లగ్ రంధ్రం నుంచి గేజ్ ఉన్న చేతిపంపుతో 6 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించు. ఐదారు నిమిషాలు గేజ్ ముల్లు కదలకూడదు. కదిలిందంటే సబ్బునీళ్లు బ్రష్‌తో పూయి: సిలిండర్ కింది గ్యాస్కెట్, రీడ్ వాల్వ్ బ్లాక్, కేసు అతుకు, మాగ్నెట్ వెనక సీలు. బుడగ లేచిన చోటు ముందు బాగుచెయ్యి. నన్నడిగితే ఆ రెండు సీళ్లూ పరీక్షతో పనిలేకుండా కొత్తవి వేసెయ్యమంటాను.

తర్వాత హెడ్ కింద సందు. సోల్డర్ తీగ రెండు ముక్కలు తీసుకుని, పిస్టన్ మీద గ్రీజుతో అతికించు, చివరలు సిలిండర్ గోడకి తగిలేలా. రెండూ పిస్టన్ పిన్ను వరసలోనే ఉండాలి, లేకపోతే పిస్టన్ ఊగి కొలత తప్పుతుంది. హెడ్ బిగించి చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి, తీగ తీసి నలిగిన అంచుని మైక్రోమీటర్‌తో కొలువు. 0.8 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉంటే చాలు. ఇంకా తగ్గిస్తే పవర్ వస్తుందని ఎవరు చెప్పినా వినకు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ రాడ్ సాగుతుంది, పాత బేరింగుల ఆట దానికి తోడవుతుంది, పిస్టన్ వెళ్లి హెడ్‌కి తగులుతుంది.

ఇక నూనె, పెట్రోలు. ఈ భాగం నిదానంగా చదువు. కంపెనీ ఇచ్చిన ఆటోలూబ్ పంపు రోడ్డుకి మంచిదే. ట్రాక్ మీద మాత్రం పెట్రోల్లోనే నూనె కలిపి పోసుకో, లీటరుకి 40 మిల్లీలీటర్లు. ఇంజన్‌కి మేలు కదా అని ఆ పాళ్లు పెంచావంటే, అదే జెట్ గుండా వెళ్లే పెట్రోలు ఆ మేరకు తగ్గి మిశ్రమం లీన్ అవుతుంది. కాపాడుతుందని పోసిన నూనే పిస్టన్‌ని వేడెక్కిస్తుంది. నూనె పాళ్లు ఒకటి ఖాయం చేసుకున్నాకే జెట్ల జోలికి వెళ్లు, ఆ తర్వాత పాళ్లు మార్చకు.

షోలవరం రేసుల రోజుల్లో ట్రాక్ దగ్గరికి రాగానే కాలిన ఆముదం వాసన వచ్చేది. నెల్లూరు మీదుగా మద్రాసు వెళ్లేవాళ్లకి దారిలోనే తగిలే ఊరది. రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు పెట్టేవారు. ఆముదం ఎన్నో రేసు ఇంజన్లకి రక్ష. బాగా వేడెక్కినా లోహం మీద దాని పొర అంత తేలిగ్గా తెగదు. అయితే గానుగ ఆముదం పోయకూడదు. జిగురు తీసి శుద్ధిచేసిన రేసింగ్ నూనె వేరు. మినరల్ నూనెతో అది సరిగ్గా కలవదు కూడా. నీకు మంచి సింథటిక్ టూ స్ట్రోక్ నూనె చాలు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి ఇంధనం మరికాస్త ఎక్కువ కావాలి. తాతయ్య నడిపినప్పటి మెయిన్ జెట్ ఇవాళ్టి పెట్రోలుకి చిన్నదవుతుంది. అందుకని బొడబొడమని తడబడేంత పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ఒక్కో మెట్టు దిగుతూ రా. చిన్న జెట్ నుంచి పైకి ఎక్కుదామనుకునేవాడు పిస్టన్లు కొనుక్కుంటూ ఉంటాడు. ప్రతి జెట్‌కీ ప్లగ్ చూడాలి. పాత ప్లగ్‌తో ఇంజన్ వేడి చేసి, కొత్త ప్లగ్ బిగించి, పొడుగాటి స్ట్రెయిట్ మీద టాప్ గేర్‌లో ఫుల్ త్రాటిల్ పట్టి, ఆ ఊపులోనే క్లచ్ నొక్కి కిల్ స్విచ్ కొట్టు. త్రాటిల్ మూసి మెల్లగా నడుపుకుంటూ వస్తే ఆ రంగు అబద్ధం చెబుతుంది. ప్లగ్ తీసి భూతద్దంతో తెల్ల పింగాణీ అడుగున, లోపల ఉండే వలయం చూడు. గోధుమరంగు వలయం ఉంటే సరే. వలయమే లేకుండా తెల్లగా ఉంటే జెట్ పెంచు. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు బూడిదరంగు చుక్కలు మెరుస్తుంటే అవి నీ పిస్టన్ అల్యూమినియమే. ఇంకొక్క ల్యాప్ కూడా వెళ్లకుండా ఆపెయ్యి.

పొద్దున్న చల్లగాలి చిక్కన, పెద్ద జెట్ అడుగుతుంది. మధ్యాహ్నం ఎండకి గాలి పలచన, చిన్న జెట్‌తో బండి హుషారుగా పోతుంది. ఆ చిన్న జెట్టే మర్నాడు పొద్దున్న దాకా ఉంచేస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఎండ, తేమ, జెట్, ప్లగ్, టైరు గాలి, ల్యాప్ టైము అన్నీ నోటుబుక్కులో రాసుకో. ఒకసారికి ఒక్కటే మార్చు.

సైలెన్సర్ విషయానికి వస్తే, టూ స్ట్రోక్‌లో సగం పవర్ అక్కడే ఉంది. 1950ల్లో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఆ గొట్టంలో తిరిగే ఒత్తిడి అలల్ని ఓసిల్లోస్కోపులో చూస్తూ కూర్చుని, బయటికి జారిపోయిన తాజా మిశ్రమాన్ని తిరుగు అలతో సిలిండర్‌లోకి నెట్టించే ఆకారం పట్టుకున్నాడు. 1961కల్లా ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అదే ఏడు ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి దేశం దాటిపోయి, ఆ విద్యతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీది. అంత విలువైన విద్య అది. నీ పోర్టులు ఏ ఆర్‌పీఎంకి పనిచేస్తాయో దానికే కట్టిన గొట్టం కావాలి. చూడ్డానికి బాగుందని కొనకు.

అప్పటికీ పోర్టులు మార్చాలనే ఉంటే, ఫైలు లేకుండా రుచి చూసే దారి ఉంది. సిలిండర్ కింద అర మిల్లీమీటరు మందం గ్యాస్కెట్ అదనంగా వెయ్యి. సిలిండర్ మొత్తం పైకి లేస్తుంది, పోర్టులూ లేస్తాయి. మన స్ట్రోకుకి ఎగ్జాస్ట్ పోర్టు ఒక మిల్లీమీటరు లేస్తే అది తెరుచుకుని ఉండే సమయం సుమారు నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. అర మిల్లీమీటరుకి అందులో సగం. హెడ్ కింద సందు పెరిగి కంప్రెషన్ కాస్త తగ్గుతుంది, పరీక్షకి పరవాలేదు. పైన పవర్ పెరిగి కింద ఎంత పోయిందో ట్రాక్ మీద నీకే తెలుస్తుంది. నాలుగే గేర్లున్న బండికి కింద పోయిన పవర్ చాలా ఖరీదు, మలుపు దాటాక ఇంజన్ మూలుగుతూ ఉండిపోతుంది. అది చూశాక కూడా కావాలంటే సిలిండర్ పట్టుకుని విజయవాడ రా. ఆటోనగర్‌లో డిగ్రీ వీల్ పెట్టి కొలిచే చెయ్యి ఒకటి నాకు తెలుసు.

గేరింగ్ సులువే. స్ట్రెయిట్ చివర బ్రేకు పట్టే చోటికి ఇంజన్ తన గరిష్ఠ ఆర్‌పీఎం అందుకోవాలి. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను వెనకాల దాదాపు మూడు పళ్లతో సమానం, కాబట్టి సన్న మార్పులన్నీ వెనకే. డ్రమ్ము బ్రేకులు మాత్రం తేలిగ్గా తీసుకోకు. షూలని డ్రమ్ము గుండ్రానికి సరిపడా లేత్ మీద పట్టించు. డ్రెయిన్ బోల్టుకి రంధ్రం వేసి తీగ కట్టు, నీ నూనె మీద వేరేవాళ్లు జారిపడకూడదు.

శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మొదటి సెషన్‌లో ల్యాప్ టైము చూసుకోకు. సిలిండర్ రెక్కలు అడుగు దాకా వేడెక్కేవరకు త్రాటిల్ సగం దాటించకు. పిస్టన్ త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండర్ నిదానంగా ఉబ్బుతుంది, పిస్టన్ పట్టేసే సీజులు చాలావరకు ఆ తేడాలోనే జరుగుతాయి. బండి కదిలిన దగ్గర్నుంచి దిగేదాకా ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ లివర్ మీదే ఉండాలి. సీజ్ అయ్యే ముందు ఇంజన్ శబ్దం బిగుసుకుంటుంది, ఎవరో వెనక్కి లాగినట్టు వేగం తగ్గుతుంది. ఆ క్షణంలో ఆలోచించకుండా వేళ్లు నొక్కెయ్యాలి. లేకపోతే వెనక చక్రం బిగుసుకుని నిన్ను కింద పడేస్తుంది. ఇంటి దగ్గర ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో, నేనో మీ నాన్నో ఉన్నప్పుడు కిల్ స్విచ్ కొట్టి క్లచ్ పట్టడం చేతికి అలవాటయ్యేదాకా చెయ్యి. ఆ అలవాటు కుదిరాక నాకు ఫోన్ చెయ్యి, ట్రాక్‌కి నేనూ వస్తాను. జెట్లు, ప్లగ్గులు, గేజ్ అన్నీ నేను తెస్తాను.

ఇట్లు,
మీ మావయ్య